ఖాళీ పళ్ళెం తూగింది

చేసిన పని

కొత్తగా చేరిన మీకోసం నా అనుభవాలు రాసిమ్మని ఫ్యాక్టరీ నుంచి అడిగారు. నేను ఎప్పుడు చేరాను, ఎప్పుడు ప్రమోషను వచ్చింది, చివరి రోజున ఎవరు శాలువా కప్పారు అన్నవి ఇందులో ఉండవు. శాలువాలు మా బీరువాలో ఉన్నాయి, సరదా ఉన్నవాళ్ళు వచ్చి చూసుకోవచ్చు. నేను చెప్పాలనుకున్నది ఒకే ఒక్క సంగతి. దానికి ముందు పని గురించి కొంచెం, మా పెద్దాయన గురించి కొంచెం చెప్పక తప్పదు.

రాజమండ్రిలో ముప్పై నాలుగేళ్ళు త్రాసులు డిజైను చేశాను. ఇంకా సరిగ్గా చెప్పాలంటే త్రాసు తిరిగే చోటుని డిజైను చేశాను. పెళ్ళిళ్ళలో పక్క కుర్చీవాళ్ళు ఏం చేస్తుంటారండీ అని అడిగినప్పుడు ఈ జవాబు చెబితే, పాపం తలూపి, అటు పక్కవాళ్ళతో మాటల్లో పడిపోయేవారు. నాకు ఒళ్ళు మండేది. మీ ఇంటికొచ్చిన ప్రతి బియ్యపు గింజా, మీ ఆవిడ మెళ్ళో బంగారమూ ఆ చోటు మీద ఒకసారి ఊగి వచ్చినవేనయ్యా అని చెప్పాలనిపించేది.

త్రాసుకి అడ్డంగా ఒక బీము ఉంటుంది. దాని మధ్యలో ఒకటి, రెండు చివర్లలో రెండు, ముక్కోణపు ఉక్కు ముక్కలు ఉంటాయి. వాటిని కత్తులు అంటాం. మధ్య కత్తి అంచు ఒక గట్టి పలక మీద ఆనుకుని ఉంటుంది. ఆ పలకని మా వర్క్‌షాపులో పీట అనేవాళ్ళం. బీము బరువు, పళ్ళెం బరువు, తూచేదాని బరువు అన్నీ వచ్చి ఆ అంచు మీదే కూర్చుంటాయి. అంచు ఎంత సన్నగా ఉంటే త్రాసు అంత నిజం చెబుతుంది. అంచు మొద్దుబారినా, పీట అరిగినా, రెండింటి మధ్యా పిసరంత మురికి చేరినా బీముకి బద్ధకం వస్తుంది. తిరగాల్సినప్పుడు తిరగదు. చేత్తో ఎక్కడ వదిలితే అక్కడే నిలబడిపోతుంది.

విచిత్రమేమిటంటే జనానికి అలాంటి త్రాసే నచ్చుతుంది. చప్పున నిలబడితే మంచి కాటా అంటారు. మంచి కత్తి మీద కూర్చున్న త్రాసు చప్పున నిలబడదు. ఊగుతుంది, నెమ్మదిస్తుంది, ఇక ఆగిందనుకున్నాక మళ్ళీ ఊగుతుంది. తొందరున్న మనిషికి దాన్ని చూస్తే విసుగు. మీరిప్పుడు కత్తులు లేని, అంకెలు వెలిగే కాటాలు చేస్తున్నారు, ఇదంతా పాత గొడవ అనుకోవచ్చు. నేను మాత్రం ఇప్పటికీ పెట్టీ పెట్టగానే నిశ్చలంగా నిలబడే త్రాసు కనబడితే రెండడుగులు వెనక్కి వేస్తాను.

రాజు గారి గది

చేరిన మొదటి నెలంతా వరహాలరాజు గారు నాచేత ఒక్క గీత గీయించలేదు. ఆయన మా డిజైను హెడ్డు. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో భూతద్దంతో తిరిగేవారు. మనుషుల్ని కూడా అప్పుడప్పుడు దాంతోనే చూస్తారని షాపులో అనుకునేవాళ్ళం.

ఫ్యాక్టరీ వెనక పరీక్ష గది ఒకటి ఉండేది. కిటికీలు లేవు. మధ్యలో గది నేలకి తగలకుండా లోతు నుంచి కట్టుకొచ్చిన ఇటుక దిమ్మె, దాని మీద అద్దాల పెట్టె, పెట్టెలో ఒక త్రాసు. నన్ను దాని ముందు స్టూలు మీద కూర్చోబెట్టి, పళ్ళేల్లో ఏమీ పెట్టొద్దు, ముల్లు కదిలినప్పుడల్లా టైము రాయి, పక్కన కారణం రాయి అని చెప్పి తలుపు మూసి వెళ్ళిపోయేవారు.

రెండు పళ్ళేలూ ఖాళీగా ఉంటే కదలడమేంటి అనుకున్నాను. మొదటి రోజు పదకొండు దాటాక ముల్లు కదిలింది. గాలి లేదు, చప్పుడు లేదు. నేను చెయ్యి కూడా కదపలేదు. ముల్లు నెమ్మదిగా కుడికి వెళ్ళింది, ఆగింది, ఎడమకి వచ్చింది, ఎవరో పళ్ళెం అంచుని వేలితో తాకి చూస్తున్నట్టుగా. నాకు మెడ మీద వెంట్రుకలు లేచాయి. కొంతసేపటికి దూరంగా గోదావరి వంతెన మీద రైలు చప్పుడు వినబడింది. నేలలోంచి వచ్చిన అదురు నా చెవికంటే ముందు త్రాసుకి అందిందన్నమాట. హమ్మయ్య అనుకుని 'రైలు' అని రాశాను.

సాయంత్రం రాజు గారు కాగితం చదివారు. మధ్యాహ్నం మూడూ పదికి ఎదురుగా 'లారీ' అని రాసి ఉంది. లారీని చూశావా అని అడిగారు. లేదండి, అయ్యుంటుందని రాశాను అన్నాను. ఆయన కోప్పడలేదు. భూతద్దం తీసి ఆ మాట మీద పెట్టి చాలాసేపు చూశారు.

"తెలియనప్పుడు తెలియదని రాయి మూర్తీ. తెలిసినట్టు రాసేస్తే ఇంకెవరూ వెతకరు" అన్నారు.

ఆ నెలలో 'తెలియదు' అని చాలాసార్లు రాశాను. రైలు లేని వేళ, వాన లేని వేళ, తలుపు వేసి ఉన్న గదిలో ఆ ఖాళీ పళ్ళేలు ఊగడం చూస్తూ కూర్చునేవాణ్ణి. కొన్ని రోజులకి భయం పోలేదు గానీ, దాని పక్కన కూర్చోవడం అలవాటైంది. ఆ కదలికల్లో కొన్నిటికి రాజు గారు రిటైరయ్యేదాకా కారణం దొరకలేదు. అందుకు ఆయన బాధపడ్డట్టు నేను ఎప్పుడూ చూడలేదు.

నేను తెరిచిన కిటికీ

రాజు గారి సర్వీసు చివరి ఏడాదిలో పల్లెల్లోని ఆరోగ్య ఉపకేంద్రాలకి పసిపిల్లల్ని తూచే త్రాసులు కావాలని పని వచ్చింది. కరెంటు నమ్మకం లేని చోట్లు కాబట్టి పాతకాలపు బీము త్రాసే అడిగారు. డిజైను నాకిచ్చారు. నిలువు స్తంభం, దాని నెత్తి మీద బీము. బీముకి ఒక పక్క బిడ్డని పడుకోబెట్టే పళ్ళెం, రెండో పక్క అంకెల గీతల మీద జరిపే గుండు. గుండు బయటికి జరిపేకొద్దీ ఎక్కువ బరువు. బీము సమంగా నిలబడిన చోట ఉన్న అంకే బిడ్డ బరువు.

మా దగ్గర అన్నిటికంటే పెద్ద శత్రువు తేమ. సముద్రం ఒడ్డు ఊళ్ళలో ఉక్కు కత్తి ఒక్క వానాకాలానికే తుప్పు పడుతుంది. పాత డిజైనులో మధ్య కత్తి ఇనప టోపీ కింద దాగి ఉండేది, నాలుగు స్క్రూలు విప్పితే గానీ కనబడదు. ఎవరూ విప్పేవారు కాదు. నేను ఆ టోపీకి ముందువైపు రూపాయి బిళ్ళంత గుండ్రటి కిటికీ తెరిచాను. వంగి చూస్తే చాలు, కత్తి అంచూ పీటా రెండూ కనబడతాయి. తుప్పుంటే తెలిసిపోతుంది. ఈ ఆలోచన వచ్చిన రోజున నేను ఇంటికి కాజాలు పట్టుకెళ్ళాను.

రాజు గారు డ్రాయింగు మీద సంతకం పెట్టడానికి రెండు రోజులు తీసుకున్నారు. తెరిచిన చోట ఏదో ఒకటి చేరుద్దయ్యా అన్నారు. దుమ్ము చేరితే ఊదెయ్యొచ్చండి, దాగిన తుప్పుని ఏం చేస్తాం అన్నాను. వాదన బాగానే ఉంది. ఆయన సంతకం పెట్టారు. ఆ త్రాసులు జిల్లా అంతా వెళ్ళాయి.

ఫోను

రాజు గారు వెళ్ళిపోయి, ఆయన కుర్చీలో నేను కూర్చున్న మూడో ఏడు ఒక ఫోను వచ్చింది. ఆడ గొంతు. కోనసీమలో సముద్రం ఒడ్డున ఫలానా ఊరి ఉపకేంద్రంలో ఏఎన్ఎంని, పేరు సత్యవతి అని చెప్పుకుంది.

"మీ త్రాసులో ఖాళీ పళ్ళెం తూగుతోందండి" అంది.

సున్నా తప్పి ఉంటుంది, పక్కన స్క్రూ తిప్పుకోండి అని చెప్పబోయాను. ఆవిడ వినలేదు. రెండు నెలల కిందట వాళ్ళ ఊళ్ళో నెల దాటని మగబిడ్డ పోయాడట. ప్రతి శుక్రవారం ఆవిడే తూచింది. వారం వారం బరువు పెరుగుతున్నట్టే రిజిస్టరులో ఉంది. పెరుగుతున్న బిడ్డ ఎలా పోయాడని అందరూ అడిగారు, ఆవిడా తనని తాను అడుక్కుంది. దినం అయిన తర్వాతి శుక్రవారం కేంద్రంలో ఎవరో గమనించారు, పళ్ళెంలో ఏమీ లేకపోయినా త్రాసు బరువు చూపిస్తోందని. అప్పటి నుంచీ ఊళ్ళో ఒకటే మాట, ఆ పిల్లాడు ఇంకా పళ్ళెంలోంచి లేవలేదని. తల్లులు తమ పిల్లల్ని అందులో పడుకోబెట్టడానికి జంకుతున్నారు.

తను అలాంటివి నమ్మనని ఆవిడ రెండుసార్లు చెప్పింది. రెండోసారి గొంతు తగ్గిపోయింది. ఇప్పుడు ఇంకో పాప ఉంది, పుట్టి మూడు వారాలు, పేరు కూడా పెట్టలేదు. రిజిస్టరులో ఆ పాప కూడా వారం వారం పెరుగుతోంది.

"ఆ మగబిడ్డ పెరిగినట్టే పెరుగుతోందండి" అంది. "మీరు శుక్రవారం రండి."

శుక్రవారం

అమలాపురంలో బస్సు దిగి, ఆటో ఎక్కి, రొయ్యల చెరువుల మధ్య గట్టు మీద చాలా దూరం వెళ్ళాను. పన్నెండు కావస్తోంది. చెరువుల్లో గాలిమరలు నీళ్ళు చిమ్ముతున్నాయి గానీ గట్ల మీద మనిషన్నవాడు లేడు. ఉపకేంద్రం రెండు గదుల డాబా. బయట అరుగు మీద ఏడెనిమిది మంది ఆడవాళ్ళు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. లోపలికి ఎవరూ రాలేదు. తల్లులతో పాటు పిల్లలు కూడా ఏడవడం మానేసి చూస్తున్నట్టు అనిపించింది నాకు.

సత్యవతి గారికి ముప్పై అయిదేళ్ళుంటాయి. గది అద్దంలా పెట్టుకుంది. బల్ల మీద నా త్రాసు తుడిచి, మెరుస్తూ ఉంది. పసుపూ కుంకుమా పెట్టి ఉన్నాయి. మా వైపు ఏ యంత్రానికైనా పెడతాం కదా, మా ఫ్యాక్టరీలో నా డ్రాయింగు బల్లకి కూడా దసరాకి పెట్టేవారు. చూశాను, చూపు మళ్ళించేశాను. అది నా రెండో తప్పు.

ఆవిడ గుండుని సున్నా మీద పెట్టి, బీముని వేలితో సమంగా నిలిపి, వేలు తీసేసింది. బీము నిలబడింది. గుండుని ఇరవై గ్రాములకి జరిపింది. బీము ఒరగాలి. నిలబడే ఉంది. యాభై. నిలబడే ఉంది. ఎనభై దగ్గర కూడా అలాగే, ఖాళీ పళ్ళెంలో ఎనభై గ్రాములది ఏదో పడుకుని ఉన్నట్టే, చిన్న వణుకు కూడా లేకుండా నిలబడింది. వంద దగ్గర ఒక్కసారిగా గుండు వైపు వాలింది. అరుగు మీద ఎవరో గాలి పీల్చుకున్న చప్పుడు నాకు వినబడింది.

నేను నవ్వబోయాను, నవ్వు రాలేదు. పరీక్ష గదిలో ఖాళీ పళ్ళేలు కదలడం నెల రోజులు చూసినవాణ్ణి. కదలకపోవడం ఇంత భయంగా ఉంటుందని నాకు తెలియదు.

ఎప్పట్లా తూచి చూపించమన్నాను. ఆ పాప తల్లి దుర్గ లోపలికి వచ్చింది. చేపలవాళ్ళ పిల్ల, ఇరవై కూడా ఉండవు. పాపని పళ్ళెంలో పెట్టడానికి చేతులు రాక అలాగే నిలబడిపోయింది.

"చేతికి తేలిగ్గా ఉంటందండి" అంది నాతో. "కాటాలో మాత్రం బరువు పెరుగుతుందంటన్నారు. రెంట్లో ఏది నా పిల్లండి?"

పాపని పడుకోబెట్టించాను. నా కళ్ళు సత్యవతి గారి చేతుల మీద పెట్టాను. పసిబిడ్డ కాళ్ళు కొట్టుకుంటుంటే బీము ఎగిరెగిరి పడుతుంది కదా, అందుకని ఆవిడ ఎడమ చేతి వేలు బీము కింద ఆనించి సమంగా పట్టుకుంది. కుడిచేత్తో గుండుని కిందటి వారం గీత దాటించి, ఇంకాస్త పై అంకెకి తీసుకెళ్ళింది. వేలు తీసింది. బీము గుండు వైపు ఒరిగింది. మళ్ళీ వేలు ఆనించి, గుండుని కాస్త కిందికి లాగి, వేలు తీసింది. ఈసారి నిలబడింది. ఆవిడ మొహం తేటపడింది. కిందటి వారం కంటే ముప్పై గ్రాములు ఎక్కువ.

ఇప్పుడు నన్ను చూడనివ్వండి అన్నాను. నేను గుండుని బాగా కింది అంకెల దగ్గర, పుట్టినప్పటి బరువు కంటే కింద పెట్టి, కొంచెం కొంచెం పైకి జరుపుతూ, ప్రతిసారీ బీముని వేలితో సమం చేసి వదులుతూ వచ్చాను. బీము నిలబడింది. నిలబడిన చోటు, ఆవిడ రాసిన అంకెకి నూట అరవై గ్రాములు కిందన ఉంది. ఒకే పాప, ఒకే పళ్ళెం, రెండు బరువులు. ఆ రెండింటి మధ్య ఎక్కడ పెట్టినా త్రాసు ఒప్పుకుంటోంది. ఎవరు ఏది అడిగితే అదే చెబుతోంది.

నా సంచీలో స్ప్రింగు త్రాసొకటి ఉంది, సరుకులు తూచేది. నా దగ్గరున్న తూకపు రాళ్ళతో దాన్ని ముందు సరిచూసుకుని, దుర్గ పాత చీర ముక్కతో ఉయ్యాల కట్టి పాపని తూచాం. పుట్టినప్పటి కంటే తక్కువ ఉంది.

సత్యవతి గారు ఆ అంకె చూసి ఒక్క నిమిషం కూడా ఆగలేదు. నేను వచ్చిన ఆటో ఇంకా బయటే ఉంది. దుర్గని, పాపని అందులో ఎక్కించి, తనూ ఎక్కి, అమలాపురం పెద్దాసుపత్రికి వెళ్ళిపోయింది. గుమ్మం దాటుతూ ఒక్కసారి వెనక్కి తిరిగి త్రాసు వైపు చూసింది. ఆవిడ ఎవరిని తలుచుకుందో నాకు తెలుసు.

గదిలో నేను ఒక్కణ్ణే మిగిలాను. అప్పుడు వంగి నా కిటికీలోంచి చూశాను. కత్తి కనబడలేదు. పసుపు కనబడింది. ముద్ద పసుపు, దాని మీద కుంకుమ, దాని మీద మళ్ళీ పసుపు, వారం మీద వారం పొరలు, వాటిలో పిల్లల పౌడరు, సముద్రపు తేమ. కత్తి అంచు ఆ ముద్దలో కూరుకుపోయి ఉంది. ప్రతి శుక్రవారం తూకాలు మొదలెట్టేముందు ఆవిడ ఆ త్రాసుకి బొట్టు పెట్టేది. అంటే తూచే రోజునే అక్కడ ముద్ద పచ్చిగా, జిగటగా ఉండేది. ఏటేటా తనిఖీకి వచ్చే ఆయన కూడా, త్రాసుని ఇంత బాగా చూసుకునే కేంద్రం ఇంకోటి లేదమ్మా అని మెచ్చుకుని ముద్ర వేసి వెళ్ళాడట.

రెండడుగులు వెనక్కి జరిగి త్రాసుని మొదటిసారి ఎదురుగా చూశాను. నేను దాన్ని ఎప్పుడూ కాగితం మీద ముక్కలు ముక్కలుగానే చూశాను. నిలువుగా స్తంభం, అటూ ఇటూ చాచిన చేతుల్లా బీము, పైన టోపీ, టోపీకి సరిగ్గా నొసలు ఉండే చోట ఉంగరపు వేలు పట్టేంత గుండ్రటి గుంట. మా జిల్లాలో ఏ ఆడమనిషి చూసినా దానికి బొట్టు అక్కడే పెడుతుంది. పెట్టకపోతే బోసిగా ఉంటుంది. ఆ చోటు నేనే గీశాను.

స్క్రూలు విప్పి, సూదితో, గుడ్డతో అంతా గీకి తుడిచాను. కత్తిని తిరిగి పీట మీద దించి, గుండుని సున్నా మీద పెట్టి చేతులు తీసేశాను. ఖాళీ పళ్ళెం కిందికి దిగింది, పైకి లేచింది, మళ్ళీ దిగింది. తలుపులు వేసి ఉన్నాయి, ఫ్యాను లేదు, నేను గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాను. అది ఆగడం లేదు, ఉయ్యాల ఊపినట్టు నెమ్మదిగా ఊగుతూనే ఉంది. సరైన త్రాసు చేసే పని అదేనని నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరూ ఉండరు. అయినా అది ఊగుతున్నంతసేపూ పళ్ళెం వైపు చూడలేకపోయాను. గది కిటికీ సందులోంచి చూసిన ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని లేచి వెళ్ళిపోయారు. వెనక్కి పిలిచి కారణం చెబుదామనుకున్నాను, పిలవలేదు. నేను కూడా బయటికి వచ్చి, అది ఆగి ఉంటుందనుకున్నాకనే లోపలికి వెళ్ళాను.

రిపోర్టు

సోమవారం సత్యవతి గారు ఆఫీసుకి ఫోను చేసింది. పాప పాలు తాగుతోందని, డాక్టరు గారు ఇంకో నాలుగు రోజులు ఆగి తెచ్చుంటే కష్టమయ్యేదన్నారని చెప్పింది. మీరు రాబట్టి ఈ పాప దక్కిందండి అంది. నా ఎదురుగా బల్ల మీద నేను రాసిన రిపోర్టు ఉంది. టైపు అయింది, సంతకం కూడా అయింది.

అందులో ఇలా రాశాను: వాడకంలో లోపం. ఉపకేంద్రం సిబ్బంది మధ్య కత్తి మీద పసుపు, కుంకుమ పూయడం వల్ల త్రాసు తప్పు బరువు చూపింది. ఒక్క ముక్క అబద్ధం లేదు. కిటికీ గురించి ఒక్క ముక్క లేదు. అలాంటి త్రాసులు జిల్లా అంతా ఉన్నాయి, డిజైను తప్పని రాస్తే ఏం జరుగుతుందో ఆలోచించుకోండి మూర్తి గారూ అని మా మేనేజరు అన్న మాట నిజమే. కానీ ఆయన నా చెయ్యి పట్టుకుని రాయించలేదు. ఆయన ఆ మాట అనకముందే నేను మొదటి వాక్యం రాసేశాను. రాజు గారు ఎదురుగా ఉండుంటే భూతద్దం ఏ మాట మీద పెట్టేవారో కూడా తెలుసు.

ఆవిడ ఫోను పెట్టేశాక రిపోర్టుని కవర్లో పెట్టి పంపించాను.

ఆ తర్వాత చెయ్యాల్సింది చేశాను, దొంగలా చేశాను. ఆ కిటికీకి సరిపోయే ఇత్తడి మూతలు చేయించి, వానాకాలం తేమ తగలకుండా అని చీటీ రాసి, అన్ని కేంద్రాలకీ పంపించి బిగింపించాను. కొత్త డ్రాయింగులో కిటికీ తీసేశాను, కారణం గడిలో 'మెరుగుదల' అని రాశాను. ఇంకే బిడ్డా ఆ గుంట వల్ల పోలేదని అనుకుంటున్నాను. ఖచ్చితంగా తెలియదు.

రిపోర్టు పైవాళ్ళకి వెళ్ళింది. అక్కడి నుంచి ఊళ్ళోకి ఎలా వెళ్ళిందో గానీ వెళ్ళింది. పసుపు పూసి పిల్లాణ్ణి చంపేసిందని ఒక మాట పుట్టింది. ఆవిణ్ణి ఆ ఊరి నుంచి మార్చారు. కొత్త ఊళ్ళో కూడా ఎవరూ పిల్లల్ని ఆవిడ చేతికి ఇవ్వలేదట. ఆరు నెలలకి ఉద్యోగం మానేసింది. ఇవన్నీ నాకు మూతలు బిగించడానికి వెళ్ళిన మా మనిషి చెప్పాడు. నేను వింటూ డ్రాయింగు గీసుకుంటున్నాను, ఆపలేదు.

మీరు నా దగ్గర నేర్చుకోవాల్సింది ఏమైనా ఉంటే ఇదే. తప్పు డిజైను అందరూ చేస్తారు, మీరూ చేస్తారు. తప్పు డిజైను చేసి, నిజాలు మాత్రమే ఏరి రాసిన రిపోర్టు కింద సంతకం పెట్టకండి. నేను పెట్టాను కాబట్టి చెబుతున్నాను. అది ఒంట్లోంచి పోదు.

రెండు డ్రాయింగులు

రిటైరయ్యాక రెండేళ్ళు ఏదో ఒక సాకు చెప్పుకుంటూ గడిపాను. పోయిన వేసవిలో ఆవిడ ద్రాక్షారామంలో అక్క గారింట్లో ఉంటోందని తెలిసి వెళ్ళాను. కిటికీ ఉన్న డ్రాయింగు, కిటికీ తీసేసిన డ్రాయింగు రెండూ పట్టుకెళ్ళాను. ఫ్యాక్టరీ కాగితాలు ఇంటికి తెచ్చుకోవడం తప్పే, అదీ ఒప్పుకుంటున్నాను.

ఆవిడ నన్ను గుర్తుపట్టింది. జుట్టు సగం నెరిసింది. కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, ముందుగా దుర్గ కూతురి గురించి చెప్పింది. ఎనిమిదో తరగతి దాటిందట, మాట వినదట. ఆ మాట చెబుతున్నప్పుడు మాత్రం నవ్వింది.

నేను డ్రాయింగులు బల్ల మీద పరిచి, తల ఎత్తకుండా మొత్తం చెప్పాను. ఈ గుంట నేను పెట్టింది, బొట్టు పెట్టే చోటు నేనే చూపించాను, రిపోర్టులో ఆ మాట దాచాను, దొంగతనంగా సరిదిద్దాను. ఇప్పుడైనా పైవాళ్ళకి రాస్తాను, మీ పేరు మీద మచ్చ పోవాలి అన్నాను. ఆవిడ కోప్పడుతుందని, ఏడుస్తుందని రకరకాలుగా అనుకుని వెళ్ళాను. ఆవిడ ఏమీ చెయ్యలేదు. రాస్తే రాయండి, ఇప్పుడు చదివేవాళ్ళు ఎవరున్నారు అంది. ఉంగరపు వేలు తీసుకెళ్ళి కాగితం మీద ఆ గుండ్రటి గీతలో పెట్టింది. సరిపోయింది.



"ఒకటి అడుగుతానండి, తెలిస్తేనే చెప్పండి" అంది. "ఆ మొదటి బాబుని మీలాగా నేను కింద నుంచి జరుపుకుంటూ తూచి ఉంటే, తగ్గుతున్నాడని తెలిసేదా?"

పద్నాలుగేళ్ళుగా ఆవిడ మోస్తున్నది ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. లేదు, ఎలా తూచినా తెలిసేది కాదు అని ఒక్క మాట అంటే చాలు, దించేసుకునేది. అనడానికి నోరు తెరిచాను కూడా.

"తెలిసేదండి" అన్నాను. "బతికేవాడో లేదో నాకు తెలియదు. తగ్గుతున్నాడని మాత్రం తెలిసేది."

ఆవిడ తలూపింది. కాగితం మీది వేలు తీయలేదు.

"కింద నుంచి ఎవరొస్తారండి?" అంది. "వాళ్ళమ్మ ఎదురుగా నిలబడి నా మొహం చూస్తోంది. పెరిగాడనుకునే కదా మొదలెడతాం."

నేను గీసిన డ్రాయింగులు ఎన్నో నాకే తెలియదు. వాటిలో కత్తి ఉంది, పీట ఉంది, ముల్లు ఉంది, పళ్ళెం ఉంది. తూచే మనిషి చెయ్యి ఒక్కదాంట్లోనూ లేదు.